పరుగు అంగము, దానము ప్రధానము

(దాతల వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత సంస్కృత పండితులు చేసిన ప్రసంగ పాఠము)

 

దాతలలో కొందరు ఈ మధ్య నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. కార్యాలయాలలో పనిచేసే యువతీయువకులు వచ్చి, "మేము 42 కిలోమీటర్లు పరుగెత్తబోతున్నాము" అనో, "రెండు రోజులలో 300 కిలోమీటర్లు సైకిలు తొక్కబోతున్నాము" అనో చెప్పి, "వ్యాధిగ్రస్తులైన పిల్లల చికిత్సకు మీవంతు ద్రవ్యం ఇవ్వండి" అని కోరుతున్నారట. "పిల్లలకు ఇమ్మంటే సంతోషంగా ఇస్తాము. నడుమ వీరు పరుగెత్తడం దేనికి? వీరి కాళ్ళ నొప్పికీ ఆ పిల్లల జబ్బుకూ ఏమి సంబంధం?" అని వారి సందేహం.

ఇది మంచి పూర్వపక్షం. దీనికి నేనే మరికొంత బలం చేకూర్చగలను. భగవద్గీత పదునేడవ అధ్యాయంలో తపస్సును మూడు విధాలుగా విభజించి, మూఢమైన పట్టుదలతో తన్ను తాను పీడించుకొనే తపస్సును తామసమని తేల్చారు. పొట్టకూటికి ఉద్యోగం చేసుకొనే పిల్లవాడు మోకాళ్ళు అరగగొట్టుకొని తొక్కే సైకిలు ఆ కోవలోకి రాదా? పైగా దానం రహస్యంగా ఉండాలని పెద్దలంటారు. ఇక్కడ చొక్కా మీద అంకె అంటించుకొని వీధులలో పరుగెత్తుతున్నారు. కనుక ప్రశ్నను తేలికగా తోసివేయరాదు.

సిద్ధాంతం చెప్పడానికి ముందు జరిగిన సంగతులు రెండు మనవి చేస్తాను. రెండూ 1980వ సంవత్సరానివే.

కెనడా దేశంలో టెర్రీ ఫాక్స్ అనే యువకుడు ఉండేవాడు. ఎముకకు పుట్టిన క్యాన్సర్ వలన 1977లో, పద్దెనిమిదవ ఏట, అతని కుడికాలిని మోకాలికి పైన తొలగించారు. ఆసుపత్రిలో తనతోపాటు చికిత్స పొందుతున్న పిల్లల బాధ చూశాడు. కృత్రిమ పాదంతో దేశం ఈ కొసనుండి ఆ కొసకు పరుగెత్తి, వ్యాధి పరిశోధనకు ధనం సేకరిస్తానని సంకల్పించుకొన్నాడు. సంకల్పించిన మరునాడే బయలుదేరలేదు. ఇది గమనించవలసిన విషయం. పద్నాలుగు నెలలు సాధన చేశాడు. ఆ సాధనలోనే అయిదువేల కిలోమీటర్లకు పైగా పరుగెత్తాడు. తల్లి కోరినందువలన క్రిస్మస్ పండుగ నాడు మాత్రం విశ్రమించాడని చెబుతారు. నడుమ ఒక పోటీలో పాల్గొని అందరికంటె చివర వచ్చాడు. చివర వచ్చినా గమ్యం చేరాడు, అదే చాలుననుకొన్నాడు.

1980 ఏప్రిల్ 12న తూర్పుతీరంలోని సెయింట్ జాన్స్ పట్టణంలో అట్లాంటిక్ సముద్రపు నీటిలో ఆ కృత్రిమపాదాన్ని ముంచి బయలుదేరాడు. దినానికి సుమారు 42 కిలోమీటర్లు. మిత్రుడొకడు బండి నడుపుతూ వెంట ఉన్నాడు. తొలిదినాలలో పట్టించుకొన్నవారు తక్కువ. కానీ పోర్ట్ ఓ బాస్క్ అనే చిన్న పట్టణంలో సుమారు పదివేలమంది జనాభా ఉంటే, పదివేల డాలర్లు పోగుచేసి ఇచ్చారు. తలకు ఒక డాలరు! దేశజనులందరూ తలకొక డాలరు ఇస్తే ఎంత అవుతుందో అన్న ఆలోచనకు అటువంటి దానమే బలమిచ్చింది. ఐశ్వర్యవంతుడు ఒక్కడు ఇచ్చే పదివేలకూ, పదివేలమంది తలకొకటిగా ఇచ్చే పదివేలకూ గణితంలో భేదం లేదు. ధర్మంలో ఉన్నదని నా అభిప్రాయం.

143 దినాలలో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. సెప్టెంబరు 1న థండర్ బే సమీపంలో దగ్గు, ఛాతీ నొప్పి ఎక్కువై నిలిచిపోయాడు. వ్యాధి ఊపిరితిత్తులకు పాకిందని వైద్యులు తేల్చారు. దేశం అవతలికొస చేరనే లేదు. అప్పటికి చేరిన ధనం సుమారు 17 లక్షల డాలర్లు. అతడు ఆగిపోయిన తరువాత ఒక్క వారంలో, దూరదర్శన ప్రసారం ద్వారా కోటి డాలర్లకు పైగా వచ్చాయి. 1981 ఫిబ్రవరి నాటికి 2 కోట్ల 41 లక్షల డాలర్లు దాటింది. అంటే దేశ జనాభాలో తలకొక డాలరు! ఆ జూన్ 28న, ఇరవైమూడవ ఏడు నిండక మునుపే, అతడు కాలధర్మం చెందాడు. నేటికీ ఏటేటా అతని పేర పరుగులు జరుగుతున్నాయి, మన చెన్నపట్టణంలో కూడ. ఇంతవరకు ఆ పేర చేరిన ద్రవ్యం 85 కోట్ల డాలర్లకు మించింది.

ఒక మాట చెప్పక తప్పదు. ఆ యువకుడు మార్గంలో వైద్యపరీక్షలకు ఇష్టపడలేదు, నొప్పిని లెక్కచేయలేదు. అతని ధైర్యానికి చేతులు జోడిస్తాను. కానీ మీ ఇంటి పిల్లలకు ఈ భాగాన్ని ఆదర్శంగా చెప్పవద్దు. పద్నాలుగు నెలల సాధనను ఆదర్శంగా చెప్పండి.

ఇక రెండవది. అదే 1980లో అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రంలో బిల్లీ స్టార్ అనే ఆయన, క్యాన్సర్ వలన తల్లిని పోగొట్టుకొన్నవాడు, 36 మందితో కలిసి స్ప్రింగ్‌ఫీల్డ్ నుండి సముద్రతీరాన ఉన్న ప్రావిన్స్‌టౌన్ వరకు సైకిలు యాత్ర చేశాడు. సుమారు 220 మైళ్ళ దూరం. వచ్చిన ద్రవ్యం పదివేల రెండువందల డాలర్లు. నేడు అది పాన్-మాస్ ఛాలెంజ్ అనే పేరుతో ఏటా ఆగస్టు మొదటి వారాంతంలో జరుగుతోంది. ఆరువేలమందికి పైగా తొక్కుతారు. ఇంతవరకు సేకరించినది వందకోట్ల డాలర్లు దాటింది. అదంతా బోస్టన్‌లోని డానా-ఫార్బర్ క్యాన్సర్ వైద్యసంస్థకు చేరుతుంది. "డానా" అన్నది ఒక దాత ఇంటిపేరట. నా చెవికి మాత్రం అది "దాన" అనే వినబడుతుంది, మన్నించండి!

ఆ రెండవ పేరు, ఫార్బర్ అన్నది, మనకు పరాయిది కాదు. సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు 1947లో రక్తక్యాన్సర్ సోకిన పిల్లలకు ఎమినోప్టెరిన్ అనే ఔషధం ఇచ్చి చూశాడు. అంతకు ముందు ఆ పిల్లలకు వైద్యమన్నదే లేదు. పదహారుగురిలో పదిమందికి కొంతకాలం పాటు వ్యాధి తగ్గుముఖం పట్టింది. అది తాత్కాలికమే, కానీ తలుపు తెరుచుకొన్నది. ఆ ఔషధాన్ని తన పరిశోధనాలయంలో రూపొందింపజేసి పంపినవారు మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరంలో పుట్టి, 1922 అక్టోబరులో బోస్టన్ నగరంలో దిగారు. ఆయన సముద్రం దాటడానికి అండగా నిలిచినవారు ఇద్దరు. ఒకరు మామగారు. రెండవది కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ. దాతలారా, ఈ మాట మీకోసమే చెబుతున్నాను. కాకినాడలో ఒక ధర్మసంస్థ ఒక పేద విద్యార్థికి అండగా నిలబడింది. పాతికేళ్ళ తరువాత బోస్టన్‌లో పిల్లలకు మందు దొరికింది. నేడు ధనిక దేశాలలో ఆ రకపు రక్తక్యాన్సర్ సోకిన పిల్లలలో పదింట తొమ్మిదిమంది బ్రతికి బట్టకడుతున్నారు. సుబ్బారావుగారు 1948 ఆగస్టులో గతించారు. ఇదేదీ ఆయన చూడలేదు.

నాకీ సంగతులన్నీ తెలియడానికి కారణం మా దౌహిత్రుడు. ఇరవైతొమ్మిదేళ్ళవాడు, బోస్టన్‌లో కంప్యూటరు ఉద్యోగం. నిరుడు ఆ సైకిలు యాత్రకు పేరిచ్చాడు. పేరిచ్చినవారు ఇంత ధనం సేకరిస్తామని ముందే మాట ఇవ్వాలి. లోటు పడితే ఆ లోటు తామే భరించాలి. ఈ నియమం నాకు నచ్చింది. నోటితో అన్న సంకల్పానికి ఋణం వంటి బరువు ఉండాలి.

జనవరిలో సాధన ప్రారంభించాడు. బయట మంచు, అందుచేత సైకిలును ఇంట్లోనే ఒక పీట మీద బిగించి తొక్కడం. మొదట దినానికి అరగంట. ప్రతి వారం దూరాన్ని పదవ వంతుకు మించి పెంచరాదని నేర్పేవారు చెప్పారట. నాలుగవ వారం తగ్గించి శరీరాన్ని కుదుటపడనివ్వాలి. మాట్లాడుతూ తొక్కగలిగినంత వేగమే ఎక్కువ దినాలు. మాట తడబడితే వేగం ఎక్కువైనట్లు లెక్క. ఈ ముక్క వినగానే నేను లేచి పుస్తకాల బీరువా తెరిచాను. మన ఆయుర్వేదాచార్యులు వ్యాయామం అర్ధశక్తితోనే చేయాలన్నారు. బలవంతుడు, స్నిగ్ధాహారం తీసుకొనేవాడు, శీతవసంతకాలాలలో సగం శక్తి వరకు. మిగిలిన ఋతువులలో అంతకంటె తక్కువ. సగం శక్తి అయినదని ఎలా తెలుస్తుంది? శ్వాస నోటికి వచ్చినప్పుడు తెలుస్తుందని సుశ్రుతుడు చెప్పాడు. నోటితో ఊపిరి పీల్చేవాడు మాట్లాడలేడు గదా! రెండువేల సంవత్సరాల నాటి మాటా, బోస్టన్ శిక్షకుని మాటా ఒకటే. ఇది విని మావాడు, "తాతయ్యా, మీరే నాకు శిక్షకులుగా ఉండండి" అన్నాడు. సైకిలు మీద ఆరు దశాబ్దాలు పాఠశాలకు వెళ్ళి వచ్చినవాడిని, ఆ మాత్రం అర్హత ఉన్నదనుకొన్నాను.

వసంతం రాగానే రోడ్డు మీదికి వచ్చాడు. శనివారం ఎక్కువ దూరం, అలసట తీరకముందే ఆదివారం మళ్ళీ కొంత దూరం. రెండు రోజుల యాత్రకు అసలైన సాధన రెండవనాటి ఉదయమేనట. ఆసనం ఎత్తు, చేతికమ్మీ దూరం శరీరానికి సరిపోవాలి. ఆసనం క్రిందికి ఉంటే మోకాలి ముందుభాగం నొప్పెడుతుంది, మరీ పైకి ఉంటే వెనుకభాగం. గంటగంటకూ కొంత తినాలి. ఆకలి వేసిన తరువాత తింటే అప్పటికే ఆలస్యం. శరీరంలో నిలువ ఉండే చక్కెర కొద్ది గంటలకే చాలుతుంది. మారథాన్ పరుగెత్తేవారు ముప్ఫై కిలోమీటర్ల ప్రాంతంలో హఠాత్తుగా కుప్పకూలినట్లవడానికి అదే కారణం. నీరు కూడ మితం తప్పి త్రాగరాదు. ఉప్పులేని నీరు అతిగా త్రాగితే రక్తంలో లవణం పలుచబడి ప్రాణం మీదికి వస్తుంది. మన మజ్జిగలో ఉప్పు వేసినవారు తెలివైనవారే. యాత్రకు రెండు మూడు వారాల ముందునుండి సాధన తగ్గించాలి. చాలామంది సరిగ్గా అప్పుడే భయపడి ఎక్కువ చేస్తారట.

మావాడు చేసినది కూడ అదే. ఉద్యోగపు ఒత్తిడిలో జూన్ నెలలో రెండు వారాలు తప్పిపోయాడు. ఆ లోటు పూడ్చడానికి ఒక్క వారంలో ఎనభై కిలోమీటర్ల నుండి నూటనలభైకి ఎక్కించాడు. మోకాలు వాచింది. వైద్యుడు ఆరువారాలు తొక్కవద్దన్నాడు. యాత్రకు మిగిలినది మూడు వారాలు.

ఈ సంగతి నాకు మావాడు చెప్పలేదు, మా అమ్మాయి చెప్పింది. నేనే ఫోను చేశాను. అప్పటికి చేరిన ద్రవ్యంలో నా ఒక నెల పింఛను ఉన్నది. నా సహాధ్యాయి ఒకాయన ఇచ్చిన అయిదువేల రూపాయలు ఉన్నవి. ఆయన మనుమరాలు ఏడేళ్ళకే రక్తక్యాన్సర్‌తో పోయింది. ఆ పాప పేర ఇచ్చాడు. మావాడి గొంతు బొంగురుపోయింది. "తాతయ్యా, ఆయనకేమని చెప్పను? తొక్కుతానని చెప్పి తీసుకొన్నాను. తొక్కకపోతే ఆ డబ్బు తిరిగి ఇవ్వాలా? లేక మోకాలికి ఏమైనా కానీ, సూది వేయించుకొని తొక్కెయ్యనా?" అన్నాడు.

మీమాంసాశాస్త్రం చదివినది ఇటువంటి సమయానికే. కర్మలో ప్రధానము, అంగము అని రెండున్నవి. ప్రధానం దేనికొరకు కర్మ చేస్తున్నామో అది. అంగం దానికి సహాయం చేసేది. కామ్యకర్మలో ఒక్క అంగం లోపించినా ఫలం దక్కదు. స్వర్గం కావాలన్నవాడు చెప్పినదంతా చెప్పినట్లు చేయాలి. కానీ విధిగా చేయవలసిన నిత్యకర్మలో యథాశక్తిగా చేసినా చాలును, ఏదో ఒక అంగం లోపించినంత మాత్రాన కర్మ చెడదు. ద్రవ్యం దొరకకపోతే ప్రతినిధిని స్వీకరిస్తారు. సోమలత దొరకనప్పుడు పూతీకమనే తీగను వాడుకోవచ్చునన్నారు. ఋత్విక్కుకు జబ్బు చేస్తే మరొకరు కూర్చోవచ్చును. సామాన్యంగా ప్రతినిధి లేనివాడు ఒక్కడే, యజమాని. అంటే ద్రవ్యాన్ని త్యాగం చేసేవాడు.

ఇప్పుడు చూడండి. ఈ కర్మలో యజమాని ఎవరు? సైకిలు తొక్కేవాడు కాదు. ద్రవ్యం విడిచిపెట్టిన దాత. దానం ప్రధానం, తొక్కడం అంగం. తొక్కేవాడు ఋత్విక్కు వంటివాడు, వాహకుడు. ఇక రోగికి చేసే సహాయం కామ్యమా, నిత్యమా? గృహస్థుకు అది నిత్యమేనని నా నిశ్చయం. కనుక అంగలోపం వలన దానం వ్యర్థం కాదు. ఇక మోకాలికి సూది పొడిపించుకొని తొక్కడం అంటారా, గీత తామసమన్నది దానినే. పద్నాలుగు నెలల సాధన తపస్సు. ఆ చివరి సూది తపస్సు కాదు, పంతం. దాతగారి ప్రశ్నకు కూడ ఇక్కడే సమాధానం ఉన్నది. పరుగు వలన రోగం తగ్గదు. తనకు సులభమైన కాలాన్నీ నిద్రనూ ఆరునెలలు విడిచిపెట్టినవాడు అడిగితే, అడగడంలో బరువు ఉంటుంది, ఇచ్చేవాడి చేయి కదులుతుంది. అంగం చేసే పని అంతే. అది తక్కువ పని కాదు.

అయితే శాస్త్రం చెప్పి ఊరుకొంటే చాలదు, దాతకు నిజం చెప్పాలి. ఆ సాయంకాలమే మా సహాధ్యాయి ఇంటికి వెళ్ళాను. జరిగినది చెప్పి, కావాలంటే ఆయన ద్రవ్యం నేను తిరిగి ఇస్తానన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. గోడమీది పాప ఛాయాచిత్రం వైపు చూసి, "నేనిచ్చింది మీవాడి మోకాలికి కాదు గదా, శాస్త్రీ! ఆ అబ్బాయిని జాగ్రత్తగా ఉండమను" అన్నాడు. కాఫీ తెప్పించాడు. అంతే.

మావాడు తక్కిన దాతలందరికీ తానే లేఖలు వ్రాశాడు. తిరిగి అడిగినవారు ఒక్కరూ లేరు. ఇద్దరు మరికొంత కలిపి పంపారట. యాత్రనాడు సైకిలు బదులు ఒక మజిలీలో నీళ్ళబల్ల వెనుక నిలబడి, తెల్లవారుజాము నుండి మధ్యాహ్నం వరకు వచ్చేపోయేవారి సీసాలు నింపాడు. ఆ యాత్రకు తొక్కేవారితోపాటు వేలమంది సేవకులు కూడ ఉంటారు. ఈ ఏడు వైద్యుని అనుమతితో మళ్ళీ అరగంట దగ్గర మొదలుపెట్టాడు.

దాతలకు ఒకటి రెండు సూచనలు చేసి ముగిస్తాను. ఇటువంటి కోరికతో ఎవరైనా మీ గుమ్మంలోకి వస్తే, ద్రవ్యంలో ఎంత భాగం రోగులకు చేరుతుందో మొహమాటపడక అడగండి. కొన్ని విదేశయాత్రల సేకరణలలో దాతలిచ్చిన సొమ్ములోనుండే పాల్గొనేవారి ప్రయాణం, బస ఖర్చులు తీసుకొంటారు. అది ముందుగా చెప్పి తీసుకొంటే దోషం లేదు, చెప్పకపోతే దోషమే. నేను చెప్పిన సైకిలు యాత్రలో తొక్కేవారు సేకరించినదంతా వైద్యసంస్థకే వెళుతుంది. ఖర్చులు వేరే మార్గాన భరిస్తారు. ఎన్ని నెలలనుండి సాధన చేస్తున్నాడో కూడ అడగండి. వచ్చేవారమే పరుగు, నిన్ననే బూట్లు కొన్నానంటే, ద్రవ్యం ఇచ్చి పరుగు మాన్పించండి. నాలుగు నెలలనుండి చేస్తున్నానంటే కూర్చోబెట్టి మాట్లాడండి. ఎండలో వచ్చి ఉంటాడు, ముందు మజ్జిగ ఇవ్వండి. ఉప్పు వేయడం మరువకండి.